ఆడేవారిదే ఆట

కళ్ళంలో చివరి బస్తా ఇంటికి చేరిన రాత్రి, జాతరనాడు గుడి ముంగిట, పెండ్లివారి పందిట్లో పదిమందీ కలిసి అడుగు వేయడం శాస్త్రం పుట్టకముందే పుట్టిన అలవాటు. ఆ ఆటలో ఆడేవారే గాని చూసేవారు వేరుగా లేరు. రంగస్థలం ఏర్పడి, దానికి ఎదురుగా ఆసనాలు వెలసిన తరువాత మనుషులు రెండు తెగలయ్యారు. ఒక తెగ ఆడింది; మరొక తెగ చూసింది. ఈ విభజన వల్ల కళకు నైపుణ్యం, గాంభీర్యం సమకూడిన మాట కాదనలేనిది. శాస్త్రీయ నృత్యం అంతటి ఔన్నత్యాన్ని అందుకోవడానికి అదీ ఒక కారణమే. కాని అదే సమయంలో సామాన్యుని పాదాలకు ఒక సంకోచం అలవాటైంది. “నాకు రాదు” అన్న రెండు మాటలతో అతడు గోడవారగా కూర్చుండిపోయాడు.

గోడవార కూర్చున్న ఆ మనిషిని చేయి పట్టి లేవదీసే ఆట ఒకటి అమెరికా ఈశాన్య భాగంలో నేటికీ సజీవంగా ఉంది. దాని పేరు కాంట్రా డాన్స్. న్యూ ఇంగ్లండ్ అని వ్యవహరించే మెయిన్, న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్, మసాచుసెట్స్ మొదలైన రాష్ట్రాలు దీనికి పుట్టినిల్లు కాకపోయినా మెట్టినిల్లు. అక్కడినుంచి అది దేశంలోని ఇతర ప్రాంతాలకు వ్యాపించింది. ఈ ఆటకు ప్రేక్షకులు లేరు, పోటీలు లేవు, బహుమతులు లేవు. ఉన్నవి రెండే కట్టుబాట్లు. మొదటిది, సంగీతం యంత్రం నుంచి కాక ఎదుట కూర్చున్న మనిషి చేతి నుంచి రావాలి. రెండవది, ఎన్నడూ అడుగు వేసి ఎరుగనివారికి సైతం తలుపు తెరిచి ఉండాలి. శతాబ్దాల వయసున్న ఈ ఆటను కాపాడినవి ఈ రెండు కట్టుబాట్లే. వీటిలో ఏ ఒక్కటి సడలినా అది వట్టి వ్యాయామంగానో, వట్టి ప్రదర్శనగానో మిగిలిపోతుంది.

దీని మూలాలు ఇంగ్లండులో ఉన్నాయి. 1651లో జాన్ ప్లేఫర్డ్ అనే లండను ప్రచురణకర్త ‘ది ఇంగ్లిష్ డాన్సింగ్ మాస్టర్’ అనే గ్రంథాన్ని వెలువరించాడు. అందులో నూరు దాటిన ఆటల వివరణలు, వాటికి వాయించవలసిన బాణీలు స్వరలిపితో సహా ఉన్నాయి. పద్దెనిమిదవ శతాబ్దం తొలి దశాబ్దాలలో కూడా దానికి కొత్త కూర్పులు వెలువడుతూనే వచ్చాయి. ‘కంట్రీ డాన్స్’ అనే ఈ ఆట సముద్రం దాటి ఫ్రాన్సు చేరేసరికి ‘కాంత్రదాన్స్’ అయింది. ఫ్రెంచి భాషలో ‘కాంత్ర్’ అంటే ఎదురు. రెండు బారులు ఎదురెదురుగా నిలిచి ఆడే ఆటకు ఆ పేరు చక్కగా అతికింది. తెలియని మాటను తెలిసిన మాటగా మలచుకొనే ఈ రీతినే భాషావేత్తలు లోకనిరుక్తి అంటారు. ఒక్క పేరులోనే రెండు దేశాల ప్రయాణం ఇమిడి ఉండటం విశేషం.

వలస వెళ్ళిన కుటుంబాలతో పాటు ఈ ఆట కూడా అట్లాంటిక్ దాటింది. పద్దెనిమిదవ శతాబ్దంలో అమెరికా పట్టణాలలోనూ పల్లెలలోనూ ఇది విరివిగా సాగింది. కాలక్రమాన ఆ దేశపు చరిత్ర కూడా ఆటలోకి చేరింది. 1812లో ఐజక్ హల్ నాయకత్వాన అమెరికా యుద్ధనౌక ‘కాన్‌స్టిట్యూషన్’ బ్రిటిషు నౌక ‘గెరియర్’ను ఓడించగా, ఆ గెలుపు పేరిట ‘హల్స్ విక్టరీ’ అనే ఆట వెలసింది. యుద్ధం చరిత్ర పుటలకెక్కింది; ఆట మాత్రం ఈనాటికీ పాదాల మీద నడుస్తున్నది.

పందొమ్మిదవ శతాబ్దంలో క్వాడ్రిల్, వాల్ట్జ్, పోల్కా వంటి కొత్త నృత్యాలు రావడంతో నగరాలు పాత ఆటను విడిచిపెట్టాయి. న్యూ హాంప్‌షైర్ కొండపల్లెలు మాత్రం దానిని విడువలేదు. ఆ పల్లెసీమ నుంచి వచ్చిన రాల్ఫ్ పేజ్ (1903–1985) ఊరూరా తిరిగి ఆటలు ఆడించాడు; పాత ఆటలను, బాణీలను సేకరించాడు; 1949 నుంచి 1984 వరకు ‘నార్తర్న్ జంకెట్’ అనే పత్రికను నడిపాడు. ఆ తరువాతి తరంలో డడ్లీ లాఫ్‌మన్ 1965లో ‘కాంటర్‌బరీ కంట్రీ డాన్స్ ఆర్కెస్ట్రా’ అనే వాద్యబృందాన్ని ఏర్పరచి యువతను ఈ ఆట వైపు ఆకర్షించాడు. ఆయన కృషికి 2009లో అమెరికా జాతీయ కళాసంస్థ ‘నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్’ ఇచ్చి గౌరవించింది. అయినా ఒక సంప్రదాయం ఇద్దరు ముగ్గురు మహనీయుల వల్ల మాత్రమే నిలవదు. వారు వెలిగించిన దీపానికి ప్రతి వారమూ నూనె పోసే అజ్ఞాత వ్యక్తులు వేల సంఖ్యలో ఉండాలి. కాంట్రా డాన్సుకు అటువంటివారు లభించారు.

ఈ ఆట జరిగే చోట ఆడంబరం ఉండదు. ఊరి సభామందిరమో, చర్చికి చెందిన పెద్ద గదియో, రైతుసంఘపు పాత భవనమో దీనికి చాలు. మసాచుసెట్స్‌లోని గ్రీన్‌ఫీల్డ్ పట్టణంలో ‘గైడింగ్ స్టార్ గ్రేంజ్’ అనే భవనం ఈ ఆటకు పేరుపొందింది. గ్రేంజ్ అంటే 1867లో ప్రారంభమైన రైతుల సంఘం. పంటల ధరలను, రైలు ఛార్జీలను గురించి రైతులు తలలు పట్టుకొన్న అటువంటి భవనాలలోనే వారి వారసులు చేతులు పట్టుకొని ఆడుతున్నారు. మేరీలాండ్‌లోని గ్లెన్ ఎకో పార్కులో 1933లో నిర్మించిన స్పానిష్ బాల్‌రూమ్ కూడా ఈ ఆటకు ప్రసిద్ధి చెందిన వేదిక. గుమ్మం దగ్గర స్వల్ప రుసుము వసూలు చేసేవారు, నేల ఊడ్చేవారు, చివరకు కుర్చీలు సర్దేవారు అందరూ చాలావరకు స్వచ్ఛంద సేవకులే.

చాలా చోట్ల అసలు ఆటకు అరగంట ముందు కొత్తవారికి పాఠం చెబుతారు. జంటతో రావాలన్న నిబంధన లేదు. ఒంటరిగా వచ్చినవారు ఎవరినైనా ఆటకు పిలువవచ్చు. ప్రతి ఆటకూ జంట మారడం ఆనవాయితీ. చెక్కనేల గీతలు పడకుండా మెత్తని అడుగున్న బూట్లు వేసుకొంటే చాలు. ప్రత్యేక వేషధారణ అవసరం లేదు. పదహారేళ్ళ విద్యార్థిని, డెబ్బయి ఏళ్ళ రైతు, వైద్యుడు, వడ్రంగి ఒకే బారులో నిలుస్తారు. ఆ బారులో హోదాకు చోటు లేదు. కుడి ఏదో ఎడమ ఏదో తెలిస్తే అదే అర్హత.

ఇంత సులభంగా ఆట సాగడానికి దాని నిర్మాణమే కారణం. ఆడేవారు రెండు పొడవైన బారులుగా ఎదురెదురుగా నిలుస్తారు. రెండేసి జంటలు కలిసి నలుగురి గుంపులు అవుతాయి. ఆ నలుగురూ చేతులు కలిపి వలయంగా తిరగడం, చేయి పట్టి సుడి తిరగడం, భుజాల పక్కగా ఒకరినొకరు చుట్టి రావడం, బారులన్నీ కలిసి ముందుకు వచ్చి వెనుకకు పోవడం వంటి కొన్ని కదలికలు వరుసగా చేస్తారు. ఆ వరుస మొత్తం 64 అడుగులు. పూర్తి అయ్యేసరికి ఒక జంట బారులో ఒక మెట్టు పైకి, ఎదుటి జంట ఒక మెట్టు కిందికి జరుగుతాయి. మరుక్షణం ఎదుట కొత్త ముఖాలు. మళ్ళీ అవే 64 అడుగులు. పది నిమిషాలు గడిచేసరికి ఒక్కొక్కరు బారులోని ఎందరితోనో చేయి కలుపుతారు. తప్పు చేసినవారికి అరనిమిషంలో మరొక అవకాశం వస్తుంది. తప్పును సరిదిద్దుకొనే వీలు ఇంత త్వరగా ఇచ్చే గురుకులం అరుదు.

ఆటకు సరిపడేటట్లే బాణీ కూడా ఉంటుంది. దానికి రెండు భాగాలు. ఒక్కొక్క భాగాన్ని రెండేసి సార్లు వాయిస్తారు. ఒక్కొక్కసారికి 16 అడుగుల చొప్పున నాలుగు సార్లకు 64 అడుగులు. బాణీ మొదటికి వచ్చేసరికి ఆట కూడా మొదటికి వస్తుంది. ఏ కదలిక ఎప్పుడు ముగియాలో చెవికి తెలుస్తూనే ఉంటుంది. అందువల్ల కొత్తవారు సైతం నాలుగైదు ఆవృత్తులలో లెక్కపెట్టడం మాని సంగీతం మీద ఆధారపడతారు.

ఈ రెండింటినీ కలిపే వ్యక్తి ‘కాలర్’. ఆయనో ఆమెయో ముందుగా సంగీతం లేకుండా ఒకటి రెండుసార్లు అందరినీ నడిపించి కదలికలు నేర్పుతారు. తరువాత వాద్యాలు మొదలవుతాయి. తొలి ఆవృత్తులలో ప్రతి కదలికనూ కొంచెం ముందుగా పిలిచి చెబుతారు. ఆడేవారికి పట్టు దొరుకుతున్నకొద్దీ మాటలు తగ్గించి, చివరకు పూర్తిగా మౌనం వహిస్తారు. శిష్యుని పాదాలు నిలదొక్కుకొన్న క్షణం గుర్తించి తాను తప్పుకోవడమే గురువు గొప్పతనం. ఆ విషయాన్ని కాలర్లు ఏ గ్రంథమూ ఉటంకించకుండానే ఆచరించి చూపుతున్నారు.

ఇక్కడ మొదటి కట్టుబాటును పరిశీలించాలి. ఫిడేలు, పియానో, గిటారు, అకార్డియన్, మాండలిన్, వేణువు వంటి వాద్యాలలో రెండు మూడింటితో చిన్న బృందం వేదికమీద కూర్చుంటుంది. శ్రావ్యమైన ధ్వనిముద్రణలు చవకగా దొరికే కాలంలో వీరు ఎందుకని కొందరు ప్రశ్నిస్తారు. వాద్యకారులకు పారితోషికం ఇవ్వాలి. జనం తగ్గితే ఆ ఖర్చు భారమవుతుంది. ఈ ప్రశ్నలో నిజం లేకపోలేదు. అయితే యంత్రం వాయిస్తుంది గాని చూడలేదు. బారులో తడబాటు కలిగితే ఫిడేలు వాయించే మనిషి లయను గట్టిగా నొక్కి చూపగలడు. నేలమీద ఉత్సాహం పెరిగితే ఒక బాణీ నుంచి మరొక బాణీకి మారి ఆ ఉత్సాహాన్ని రెట్టింపు చేయగలడు. ఆట ముగించవలసిన వేళ కాలర్ సైగ చేస్తే, సరిగ్గా ఆవృత్తి చివర అందరూ ఆగేటట్లు ముగింపు పలకగలడు. ఆడేవారి అడుగుల చప్పుడు వాయించేవారికి తాళమవుతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడమే ఈ కళకు ప్రాణం. ధ్వనిముద్రణకు ఆడేవారు అనుచరులు. వాద్యకారునికి ఆడేవారు సహచరులు.

దీనికి మరొక ప్రయోజనం ఉంది. ప్రతి వారం వాయించే చోటు ఉన్నందువల్లనే బాణీలు తరం నుంచి తరానికి అందుతున్నాయి. కొన్ని చోట్ల ఔత్సాహిక వాద్యకారులు వేదిక వెనుక వరుసలో కూర్చొని మెల్లగా కలిసి వాయిస్తూ నేర్చుకొంటారు. నేలమీద కొత్తవారికి చోటున్నట్లే వేదికమీద కూడా కొత్తవారికి చోటు ఉంటుంది. యంత్రాన్ని తెచ్చి నిలిపితే ఆ రెండవ పాఠశాల మూతబడుతుంది.

రెండవ కట్టుబాటు మరింత కష్టమైనది. కొత్తవారిని ఆహ్వానిస్తామని గోడమీద రాయడం సులభం. వారితో కలిసి ఆడటం కష్టం. అనుభవజ్ఞులు తమకు సమానులైనవారినే జంటలుగా ఎంచుకొని, వేదికకు దగ్గరగా నడిమి బారులో చేరడం చాలా చోట్ల కనబడే బలహీనత. అప్పుడు కొత్తవారంతా పక్క బారు చివర మిగులుతారు. తెలియనివారికి తెలియనివారే ఎదురుపడితే ఆ బారు చిక్కుపడుతుంది. వారు సిగ్గుపడి మరునాటి నుంచి రావడం మానుకొంటారు. నేర్చినవారి ఆనందానికి కూడా న్యాయమైన స్థానం ఉన్నది. ప్రతి రాత్రీ ఓనమాలే దిద్దాలంటే ఎవరికైనా విసుగు పుడుతుంది. కాని ఆ నేర్చినవారు ఒకనాడు ఎవరి చేయి పట్టుకొని నేర్చుకొన్నారో మరచిపోరాదు. ప్రతి అనుభవజ్ఞుడూ రాత్రికి రెండు మూడు ఆటలైనా కొత్తవారితో ఆడితే ఆ రుణం తీరుతుంది. ఆట కూడా నిలుస్తుంది.

ఈ మాటకు దృష్టాంతం దూరంగా లేదు. కాంట్రా డాన్సుకు తోబుట్టువు వంటిది స్క్వేర్ డాన్స్. నాలుగు జంటలు చతురస్రంగా నిలిచి ఆడేది. ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో దానికి అమెరికా అంతటా విశేషమైన ఆదరణ లభించింది. ఆ ఉత్సాహంలో ‘ఆధునిక’ స్క్వేర్ డాన్స్ క్లబ్బులు వాద్యబృందాల స్థానంలో గ్రామఫోను రికార్డులను స్వీకరించాయి. కదలికల సంఖ్యను పెంచుకొంటూ పోయాయి. సభ్యులు కావాలంటే నెలల తరబడి తరగతులకు హాజరు కావలసి వచ్చింది. మేధకు పదును పెట్టే చమత్కారం ఆ ఆటకు అబ్బిన మాట నిజమే. కాని గుమ్మం ఎత్తు పెరిగింది. లోపలికి వచ్చేవారు తగ్గారు. గత కొన్ని దశాబ్దాలుగా ఆ క్లబ్బుల సభ్యత్వం క్షీణిస్తూ వచ్చింది. పాత పద్ధతిలో వాద్యబృందంతో స్క్వేర్ డాన్స్ ఆడేవారు నేటికీ ఉన్నారు. వారి ఆటలో కొత్తవారికి చోటు ఉండనే ఉంది. ఒకే తల్లి బిడ్డలైన రెండు ఆటలలో గుమ్మం తగ్గించుకొన్నదానికే కొత్తనీరు చేరిందన్న సంగతి గమనింపదగినది.

కట్టుబాట్లు ఉండాలనడం మార్పు కూడదనడం కాదు. జంటలోని ఇద్దరినీ పూర్వం పురుషుడు, స్త్రీ అన్న అర్థమిచ్చే పదాలతో పిలిచేవారు. ఇటీవలి సంవత్సరాలలో చాలా సంఘాలు వాటికి బదులుగా ‘లార్క్’, ‘రాబిన్’ అనే పక్షుల పేర్లు స్వీకరించాయి. ఎవరు ఏ పాత్రనైనా ఆడవచ్చు. ఆంగ్లంలో ఎడమను సూచించే మాట మొదటి అక్షరమే లార్క్‌కు, కుడిని సూచించే మాట మొదటి అక్షరమే రాబిన్‌కు ఉండటం వల్ల ఎవరు ఏ పక్కన ఉండాలో కూడా సులువుగా గుర్తుంటుంది. ఈ మార్పు కొందరు పెద్దలకు రుచించలేదు. కాని దీనివల్ల గుమ్మం మరికొంత వెడల్పయిందే గాని ఇరుకు కాలేదు. సంప్రదాయంలో ఏది పేరు, ఏది ప్రాణం అన్న వివేకం ఉన్నంతవరకు మార్పు వల్ల భయం లేదు.

2020 మార్చిలో కోవిడ్ మహమ్మారి వల్ల ఈ ఆట ఎక్కడికక్కడ నిలిచిపోయింది. చేతులు కలపడమే ఆయువుపట్టుగా గల కళకు అంతకంటె పెద్ద ఆపద ఉండదు. 2021, 2022 సంవత్సరాలలో అనేక చోట్ల అది మళ్ళీ మొదలైంది. కొన్ని చోట్ల మాత్రం మొదలు కాలేదు. ఆ విరామంలో పాతవారు కొందరు దూరమయ్యారు. అందువల్ల కొత్తవారిని ఆదరించడం ఔదార్యం అన్న దశ దాటి అవసరం అన్న దశకు వచ్చింది.

ఈ కథ తెలుగు విద్యార్థికి పరాయిది కాదు. పదమూడవ శతాబ్దంలో కాకతి గణపతిదేవుని గజసాహిణి అయిన జాయసేనాపతి తన ‘నృత్తరత్నావళి’లో శాస్త్రీయ మార్గంతో పాటు దేశి నృత్యాలకూ చోటిచ్చాడు. వాటిలో కోలలతో ఆడే దండరాసకం ఒకటి. నేటి కోలాటం ఆ కోవకు చెందినదే. గురువు తాళం వేస్తూ పాట ఎత్తుకోవడం, ఆడేవారు దానిని అందుకోవడం, మద్దెల లయకు కోల కోలను తాకడం, కోపు మారినప్పుడల్లా ఎదుటివారు మారడం కోలాటంలోనూ ఉన్నవే. కాలర్ పిలుపుకూ గురువు పిలుపుకూ, కాంట్రా బారుకూ కోలాటపు వలయానికీ బంధుత్వం చరిత్రలో లేదు. మనిషి స్వభావంలో ఉంది.

ఇటీవల ఊరూరా మహిళలు బృందాలుగా ఏర్పడి కోలాటం నేర్చుకోవడం సంతోషించదగిన పరిణామం. అయితే చాలా చోట్ల పాట లౌడ్‌స్పీకరులోనుంచి వస్తున్నది. గురువు చేతిలో తాళాలకు బదులు ఈల కనబడుతున్నది. ఒకే రంగు చీరలు కట్టి వేదికలెక్కే బృందాన్ని చుట్టూ నిలిచినవారు సెల్‌ఫోనులలో చిత్రీకరిస్తున్నారు. ప్రదర్శన తప్పు కాదు. కాని ప్రదర్శన ముగిసిన తరువాత అర్ధగంటసేపు మైకు కట్టి, తాళాలు పట్టి, చుట్టూ నిలిచినవారి చేతికి రెండు కోలలు ఇచ్చి, “రండి, ఇది ఒక్క కోపు, ఎవరైనా వేయగలరు” అని పిలిస్తే ఆ సాయంకాలం సార్థకమవుతుంది. కళాశాల వార్షికోత్సవాలలో సైతం ఇది సాధ్యమే. పాడగల విద్యార్థి ఒకడు, డప్పు వాయించగల విద్యార్థి ఒకడు, నాలుగు కోపులు తెలిసిన విద్యార్థిని ఒకతె చాలు.

బహుమతి పొందిన నృత్యం గుర్తుండవచ్చు, మరపున పడవచ్చు. తాను వేసిన అడుగును మాత్రం శరీరం మరవదు. కళను కాపాడాలంటే చప్పట్లు కొట్టే చేతులు ఎన్ని ఉన్నా చాలవు. చాచిన చేయి ఒకటి ఉండాలి. న్యూ హాంప్‌షైర్ కొండపల్లెలో చెక్కనేల మీద చాచిన చేయి అయినా, తెలుగుపల్లె గుడి ముంగిట చాచిన చేయి అయినా చెప్పేది ఒక్కటే: ఆట చూసేవారిది కాదు, ఆడేవారిది. గోడవార కూర్చున్నవారు లేచి రావడానికి ఆ ఒక్క చేయి చాలు.